పాత ఫాంటులో వేసిన శుభలేఖ

రాబర్ట్‌సన్‌పేట బజారులో శేషాచలం తన ప్రింటింగ్ షాపు షట్టర్ ఎత్తగానే రెండు కంప్యూటర్లు ఆన్ చేస్తాడు. కొత్తది చిటికెలో లేస్తుంది. పాతది లేచేలోగా అతను దేవుడి పటాలకు ఊదుబత్తి వెలిగించి, ఎదురుగా ఉన్న హోటల్లో కాఫీ తాగి, ఎవరి పెళ్ళి ఎందుకు ఆగిపోయిందో కూడా తెలుసుకొని వస్తాడు. అయినా దాన్ని పాత సామాన్లవాడికి ఇవ్వడు. వాళ్ళ నాన్న కోలారు బంగారు గని డ్రాయింగ్ ఆఫీసులో నక్షాల మీద పేర్లు రాసిన మనిషి. గని మూతపడ్డాక ఊరికే ఉండలేక గ్రాఫ్ కాగితం మీద తెలుగు అక్షరాలు గీసి, బెంగళూరులో వాటిని ఫాంటుగా చేయించాడు. అప్పట్లో ప్రెస్సుల్లో నడిచింది టైప్ వన్ పద్ధతి. ఫాంటుకు రెండు ఫైళ్ళు, ఒకదాంట్లో అక్షరాల ఒంపులు, ఇంకోదాంట్లో వాటి వెడల్పులు. ఆ రెండు ఫైళ్ళూ ఆ ముసలి కంప్యూటర్లోనే ఉన్నాయి.

ఆ ఫాంటుతో శుభలేఖ వేస్తే, అందులో పేరున్న పోయినవాళ్ళు పెళ్ళికి వస్తారు. పేరు ముందు కీర్తిశేషులు అని ఉన్నా లేకపోయినా వస్తారు. బతికున్నవాళ్ళకు మాత్రం ఏమీ కాదు, వాళ్ళను మామూలుగా ఇంటికెళ్ళి పిలుచుకోవాల్సిందే. పోయినవాళ్ళకు ముహూర్తానికి ముందే పంక్తి వేస్తారు. వాళ్ళు తిని, కన్యాదానానికి ధార పోసేలోగా వెళ్ళిపోతారు. వంటవాళ్ళు ఆ విస్తళ్ళు కూడా కలుపుకొనే బియ్యం కొలుస్తారు.

చిక్కంతా కొత్త సాఫ్ట్‌వేర్లతో వచ్చింది. అవి టైప్ వన్ ఫాంట్లను గుర్తే పట్టవు. శేషాచలం కూతురు వర్ష, షాపులో సగం పని ఆమెదే, ఫాంటును ముందు ట్రూటైప్‌లోకి మార్చింది. ట్రూటైప్ ఒంపులను వేరే రకంగా లెక్క కడుతుంది. కంటికి తెలియనంత తేడా. ఆ అక్షరాలతో టేకల్‌లో ఒక గృహప్రవేశానికి కార్డు వేస్తే, పోయిన పెద్దలు గేటు దాకా వచ్చి, చెప్పులు విప్పకుండానే నిలబడి చూసి, వెనక్కి పోయారు. తర్వాత ఓపెన్‌టైప్‌లోకి మార్చింది. ఒంపులు చెదరలేదు, రెండు ఫైళ్ళూ ఒకటయ్యాయి, ఫోనులో పంపినా ప్రెస్సులో వేసినా ఒకేలా కనిపించాయి. మాస్తిలో పెళ్ళికి మాత్రం పోయినవాళ్ళలో ఒక్కరూ రాలేదు. ఎందుకో వర్షకు ఈనాటికీ అంతుపట్టలేదు. కాకపోతే పోయిన అత్తగారితో పడనివాళ్ళు ఇప్పుడు ఓపెన్‌టైపే కావాలని అడిగి మరీ వేయించుకుంటున్నారు.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం బూదికోట నుంచి అక్కయమ్మ వచ్చింది. కూతురు నేత్రావతికి పెళ్ళి. వర్ష పేర్ల జాబితా చదివి, "ఓబలప్పగారికి ముందర కీర్తిశేషులు అని వేసేదా అమ్మా?" అని అడిగింది.

"అదే తెలీదు పాపా," అంది అక్కయమ్మ.

ఆమె భర్త ఓబలప్ప ఎనిమిదేళ్ళ కిందట పట్టుగూళ్ళ మూట ఎత్తుకొని కోలారు మార్కెట్టుకు వెళ్ళి మళ్ళీ రాలేదు. మూసేసిన గనిలోకి దిగే షాఫ్టు దగ్గర చూశామని కొందరు, మద్రాసు రైల్లో చూశామని కొందరు అన్నారు. పోలీసులు షాఫ్టులోకి టార్చి కొట్టి చూసి, కనబడలేదని రాసుకొని వెళ్ళిపోయారు. ఇప్పుడు వియ్యంకులు, ఉన్నాడో లేడో కార్డులోనైనా తేల్చమంటున్నారు.

"ఓపెన్‌టైప్‌లో వేసేస్తానమ్మా," అంది వర్ష. "ఎవురూ రారు. కీర్తిశేషులు అనేది లేకుండా వేస్తే అడిగేవాళ్ళూ ఉండరు."

"అట్లే వెయ్యి పాపా."

వర్ష నమూనా తీసి చేతికిచ్చింది. పేర్లన్నీ తీరుగా పడ్డాయి. అక్కయమ్మ మొగుడి పేరు మీద వేలు పెట్టింది. ఆమెకు భయం వేసింది. ఈ పెళ్ళి ఇలాగే అయిపోతుంది, తర్వాత ఇంకో ఎనిమిదేళ్ళూ ఇలాగే పోతాయి.

"శేషాచలమప్పా, పాత అక్షరాల్లో వేస్తే ఆయప్ప వస్తాడా?"

"పోయింటే వస్తాడమ్మా. రాకపోతే యాడో బతికుండాడని." శేషాచలం కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "బాగా ఆలోచించుకో. పెండ్లినాడు ముత్తైదువల మధ్యలో నిలబడుంటావు. ఆయన గేట్లోకి వచ్చినాడంటే అప్పుడేం చేస్తావు?"

"దినామూ బొట్టు పెట్టుకొనేటప్పుడు చెయ్యి నిలిచిపోతాది అప్పా. పెట్టుకొనేది తప్పో, పెట్టుకోకుండా ఉండేది తప్పో చెప్పేవాళ్ళు లేరు. ఇంగ నాతో కాదు. పాతదాంట్లోనే వెయ్యండి."

శేషాచలం పాత కంప్యూటర్ ముందు తనే కూర్చొని ఒక్కొక్క పేరూ కొట్టాడు.

పెళ్ళినాడు పోయినవాళ్ళు ముగ్గురు వచ్చారు. అక్కయమ్మ మామ, చిన్నమామ, అత్త పిల్లమ్మ. కాళ్ళు కడుక్కొని వరసగా కూర్చున్నారు. పిల్లమ్మ పక్కన ఓబలప్పకు విస్తరి వేసి అన్నీ వడ్డించారు. అక్కయమ్మ వచ్చేవాళ్ళకు పన్నీరు చల్లుతూ దారి వైపే చూస్తూ నిలబడింది. అన్నం చల్లారింది. పాయసం మీద మీగడ కట్టింది. ఆమె ఇక ఆగలేక వెళ్ళి అత్త ముందు కూర్చుంది.

"అత్తా, నీ కొడుకు యాడ?"

అన్నం కలుపుతున్న పిల్లమ్మ చెయ్యి ఆగింది. "మా కాడ లేడమ్మా," అంది. "షాఫ్టులో పోయినోళ్ళను గూడా అడిగినాను. ఎవురూ చూల్లేదంట." ఆమె తల ఎత్తలేదు.

బతికే ఉన్నాడు. బతికుండి, ఎనిమిదేళ్ళుగా ఇంటి ముఖం చూడలేదు. పోయాడేమోనని తను ఏడ్చిన ఏడుపంతా గుర్తొచ్చి అక్కయమ్మకు ఒళ్ళు మండిపోయింది. లేచి మంటపంలోకి వెళ్ళింది. తండ్రి లేడు కాబట్టి ధార పోయడానికి ఆమె అన్న హనుమంతప్ప, వదిన మడిగా తడిబట్టలతో సిద్ధంగా నిలబడి ఉన్నారు.

"నువ్వు కూర్చో అన్నా. నా బిడ్డకు నేనే పోస్తా."

"ఒంటిగా ఎట్ల పోస్తావు? రేపు ఆయప్ప వస్తే ఏమనుకొంటాడు?"

"ఆయప్ప రాడు. వచ్చినా నాకు పని లేదు."

పెళ్ళి చేయించే అయ్యవారు ఖాళీగా ఉన్న రెండో పీట వైపు చూసి, పక్కన ఎవరు కూర్చుంటారని అడిగాడు. అప్పటికే పోయినవాళ్ళు చేతులు కడుక్కొని గేటు దాటుతున్నారు. పిల్లమ్మ వాళ్ళతో నాలుగడుగులు వేసి ఆగింది. వెనక్కి తిరిగి వచ్చి, కోడలి పక్క పీట మీద కూర్చొని ధార పోసే చెంబుకు చెయ్యి వేసింది. ఆ చెయ్యి చల్లగా ఉంది. అక్కయమ్మకు అప్పుడు ఏడుపొచ్చింది.

అయ్యవారు గోత్రం, పెళ్ళికూతురి తండ్రి పేరు చెప్పమన్నాడు. పిల్లమ్మ గోత్రం చెప్పింది. కొడుకు పేరు చెప్పలేదు. అయ్యవారు మళ్ళీ అడగకుండా మంత్రం అందుకున్నాడు. ఇద్దరూ కలిసి చెంబు వంచారు.