వెనకనుంచి చిరిగే నవల

వాన...
బరంపురంలో లంజిపల్లి మీద సన్నగా, చేటలో ఆవాలు చెరుగుతున్నట్టు, వాన.

కొట్లో తడి గోనెల వాసన. జీలకర్ర వాసన. పాత కాగితం వాసన.

బస్తాల చాటున నిలబడి హైమ చదువుకుంటోంది.
ఒడియా నవల.

ఒడియా అక్షరాలన్నీ గొడుగులు వేసుకుని ఉంటాయి. కింద ముఖం కనబడదు. పెళ్లై ఒడిశాలోని ఈ ఊరు వచ్చి పదేళ్లు — బేరాలకు వచ్చినవాళ్లతో గలగలా ఒడియా మాట్లాడుతుంది. రాసింది చూస్తే కళ్లు దించేసుకుంటుంది. అక్షరాలు కూడబలుక్కోవడం వరకే. టెక్కలిలో తొమ్మిదో తరగతితో ఆగిన చదువు... అదీ తెలుగులో.

ఒక్కటే భయం.
పాప రెండో తరగతి. ఒడియా పుస్తకం తెచ్చి, ఇదేమిటమ్మా అని అడుగుతుంది ఎప్పుడో. అమ్మకు రాదని తెలిసిపోతుంది. ఆలోగా ఒక్క నవల — ఒక్కటంటే ఒక్కటి — చివరిదాకా చదివేస్తే చాలు.

ముందు ఎదురింటి మాస్టారిని అడిగి ఒకటి తెచ్చుకుంది. గొప్ప నవలట. మొదటి వాక్యం పేజీ అంతా దిగి, అవతలి పేజీ ఎక్కి, ఇంకా నడుస్తూనే ఉంది. తలనొప్పి మాత్ర వేసుకుని తిరిగి ఇచ్చేసింది.

తర్వాత దొరికింది ఇది.
పొట్లాలకని తూకానికి కొన్న చిత్తు పుస్తకాల్లో. అట్ట లేదు. పేరు లేదు. ఒక డాక్టరు, ఒక నర్సు, పాలలో విషం కలిపే డాక్టరు తల్లి. అందరూ పొట్టి మాటలే మాట్లాడతారు. మాటిమాటికీ ఏడుస్తారు. ఏడ్చినప్పుడల్లా వాన పడుతుంది.
ఏడుపూ, వానా — ఆ రెండు మాటలూ చదవడం మూడో పేజీకే వచ్చేసింది హైమకు.

ఎంత హాయి...

ఆ సాయంత్రం అత్త వాసవీకుమారి పాలగ్లాసు అందిస్తే, ముందు మీరు తాగండత్తా అంది.

చిక్కల్లా ఒక్కటే. పాలిథిన్ సంచులు వద్దన్నాక కొట్లో అన్నీ కాగితం పొట్లాలే. అత్త పుస్తకాన్ని వెనకనుంచి చింపుతుంది.
హైమ ముందునుంచి చదువుతుంది.
ఆమెకు రోజుకు నాలుగు పేజీలు. మిరియాలకు అయిదు.

పుస్తకం దాచుకుంటే ఎందుకంటారు. చదవడానికి అనాలి. ఏదీ, చదువు అంటారు... అందుకే డబ్బా నిండా వాము పెట్టుకుని, కొనడానికొచ్చిన ఈశ్వరమ్మకు వాము లేదని చెప్పి పంపేసింది. ఒక కాగితం మిగిలింది.

ఇవాళ ఇద్దరూ ఒకే కాగితం దగ్గర కలిశారు.
వాక్యం మీద హైమ వేలు. అంచు మీద అత్త చెయ్యి.

"ఆగండత్తా."
నోరు జారిపోయింది.

అత్త కళ్లజోడు మీదుగా చూసింది. పుస్తకాన్ని చూసింది. గొంతు తగ్గించింది.
"డాక్టరు సచ్చిపోడులే. బెంగెట్టుకోకు."

వాన ఒక్క క్షణం ఆగినట్టయింది.

అత్త చదివే చింపుతుందట. నలభై ఏళ్లుగా. ప్రతి కథా ఆమెకు పెళ్లితో మొదలై, పరిచయంతో ముగుస్తుంది.

"ఆ తల్లికి అంత కోపం ఏటికే? మొదలు నువ్వు సదివావు కదా, సెప్పు."
హైమ చెప్పింది. అత్త బస్తా మీద కూర్చుని విన్నది. కాగితం ముందుకు జరిపింది.
"ఇది పైకి సదువు."

హైమ చదివింది. ఒక గొడుగు... ఇంకో గొడుగు... మూడో దాని దగ్గర కాలు జారింది.
బల్ల కింద లెక్కలు చేసుకుంటున్న పాప, తల ఎత్తకుండానే ఆ మాట అందించింది.

అమ్మకు రాదని తెలిసిపోయింది.
పాప నవ్వలేదు. పెన్సిలు కొరుకుతూ బల్ల కిందినుంచి బయటికి వచ్చింది.
"తరవాతేటమ్మా?"

తర్వాతి కాగితం లేదు. పొద్దున్న అత్త స్నానానికి వెళ్లినప్పుడు, హైమ భర్త సాయిరామ్ చింపేశాడట. చదవకుండా. ధనియాలకో, దేనికో.

ముగ్గురూ గల్లాపెట్టె దగ్గరున్న అతన్ని చూశారు. అతను వానలోకి చూశాడు.

హైమ కాగితం లేనిచోట వేలు పెట్టింది. కళ్లు దించలేదు.
"తరవాత... వాన పడింది."

"పడుంటాది," అని అత్త ఒప్పేసుకుంది.
పాప ఒప్పుకోలేదు.

"ఆ తరవాత?"