ఎర్రగీతల కింద పాపాయత్త

పాత ఫొటో చేతికిస్తూ జగన్నాథరావు గారు కూతురితో చాలా తేలిగ్గా చెప్పారు. "ఈ ఎర్రగీతలున్న చోట ఓ పూలకుండీ పెట్టెయ్యమ్మా. ఇప్పుడు ఫోన్లలో అన్నీ చేసేస్తున్నారంటగా."

ఆ ఎర్రగీతల కింద ఉన్నది ఆయన సొంత చెల్లెలు పాపాయి.

వచ్చే నెల ఆయనకు డెబ్బయ్యేళ్లు నిండుతున్నాయి. నిడదవోలులో కల్యాణమండపం మాట్లాడి భీమరథశాంతి ఘనంగా చేస్తున్నారు. చిన్నప్పుడు అమ్మానాన్నలతో తీయించుకున్న ఈ బ్లాక్ అండ్ వైట్ ఫొటోని మనిషెత్తున చేయించి ద్వారం పక్కన నిలబెట్టాలని ఆయన ముచ్చట. స్టేషన్ రోడ్డులో స్టూడియో నడుపుతున్న కూతురు హారతి ఉండగా ఇంకొకరి దగ్గరికి వెళ్లడమెందుకని ఆమెకే ఇచ్చారు. ఆయన చేసిన పొరపాటల్లా అదే.

పాపాయి చేసిన నేరం ఒక్కటే. పెళ్లికాని ఆడపిల్లకూ ఆస్తిలో వాటా ఉందని చట్టం వచ్చిన ఏడాది తన వాటా తనకిమ్మని అడిగింది. ఇవ్వకపోతే కోర్టుకెళ్లింది. అంతకుముందే పంపకాలైపోయాయని అన్నగారు కాగితాలు చూపించారు. కేసు ఏళ్ల తరబడి నడిచి చివరికి ఆమెకు సెంటు నేల కూడా రాలేదు. తీర్పొచ్చిన సాయంత్రం జగన్నాథరావు గారు గోడ మీది ఫొటో దింపి, చెల్లెలు ఉన్నంత మేరా పెన్నుతో బరబరా గీకేశారు. కేసు గెలిచిన మనిషికి అంత కోపమెందుకో దేవుడికే తెలియాలి. పెన్ను మాత్రం హారతిది. అప్పుడు నాలుగో తరగతి. మార్జిన్లు గీసుకునే ఎర్రపెన్నును నాన్న అడిగితే పరిగెత్తుకెళ్లి తెచ్చిచ్చింది. అది తలుచుకుంటే నలభై ఏళ్ల వయసులోనూ ఆమె సిగ్గుతో చచ్చిపోతుంది.

"కుండీ పెట్టనండి నాన్నగారూ. అత్తనే పెడతాను," అంది.

ఆయన నవ్వారు. "మొహమే లేని మనిషిని ఎలా పెడతావే? పెట్టు చూద్దాం."

ముందు ఫోన్‌లోని యాప్‌తోనే చూసింది. అది ఎర్రగీతల్ని తుడిచింది, వాటితోపాటు పాపాయిని కూడా తుడిచేసి, ఎవరో తెలియని పిల్లను తెచ్చి నిలబెట్టింది. పదేళ్ల పల్లెటూరి పిల్లకు పెదాలకు రంగు, పలువరస మొత్తం కనిపించే నవ్వు. హారతికి ఒళ్లు మండి అక్కడికక్కడే డిలీట్ చేసింది.

అప్పుడు బీరువాలోంచి ఓ పాత లెన్సు బయటికి తీసింది. రాజమండ్రిలో ఓ కలర్ ల్యాబ్ మూసేసినప్పుడు పాత ఇనప సామాన్లలోకి పోబోతుంటే ఆమె తెచ్చుకున్నది అది. నెగెటివ్‌లోని బొమ్మను పెద్దది చేసి కాగితం మీద వేసే ఎన్లార్జర్ తాలూకు లెన్సు. దాని పొట్టలోనే పసుపు, మెజెంటా అనే ముదురు గులాబీ, లేతనీలం అద్దాలు మూడు దాచి ఉంటాయి. పక్కనున్న బుల్లి మీటలు జరిపితే ఒక్కొక్కటే వెలుగుకు అడ్డం వస్తుంది. ఆ అద్దాల్లోంచి తీస్తే గీతల కింది అత్త కనిపిస్తుందేమోనని ఆశ. కాకపోతే ఆ లెన్సు కెమెరాకి పట్టదు. పట్టినా ఫోకస్ చేసుకునే ఏర్పాటు దానికి లేదు.

నీళ్ల మోటార్లకు షాఫ్టులు చేసే దుర్గాసాయి లేత్ మిషన్ దగ్గరికి పట్టుకెళ్లింది. ఒకవైపు లెన్సుకీ, ఇంకోవైపు కెమెరాకీ సరిపోయే అల్యూమినియం రింగు కావాలంది.

"నాతో కెమెరాకి నగలు చేయిస్తారేంటి హారతిగారండీ," అన్నాడతను.

మొదటి రింగు వదులైంది. రెండోది మరలు పట్టక పోయింది. మూడోది కూర్చుంది. ఒకదాంట్లో ఒకటి జారేలా రెండు ప్లాస్టిక్ గొట్టం ముక్కలు మధ్యన బిగించి, ముందుకీ వెనక్కీ జరిపితే ఫోకస్ అయ్యేట్టు చేసుకుంది. లోపల వెలుగు చెదరకుండా బ్లాక్‌బోర్డు రంగు పూసింది. చూసినవాళ్లంతా బోరు పంపులా ఉందన్నారు. ఉండనీ అనుకుంది.

ఫొటోని బల్ల మీద పరిచి, రెండు పక్కలా లైట్లు పెట్టి, కెమెరాని బ్లాక్ అండ్ వైట్‌కి మార్చింది. పసుపు మీట జరిపితే గీతలు కాస్త పలచబడ్డాయి. మెజెంటాకీ అంతే. విసుగొచ్చి రెండూ కలిపి జరిపింది. పసుపూ మెజెంటా కలిస్తే ఎరుపు. ఎర్ర అద్దంలోంచి చూస్తే ఎర్ర సిరా తెల్ల కాగితంలో కలిసిపోతుంది. తెలిసిన సంగతే అయినా, కళ్లముందు జరిగేసరికి ఆమె మీటల మీంచి వేళ్లు తియ్యలేదు. గీతలు పోయాయి. రెండు జడలు, పైకెత్తిన గడ్డం, ఫొటోగ్రాఫర్ మీద కోపమేమో ముడిపడ్డ కనుబొమలు. నాలుగో తరగతి దాకా రోజూ గోడ మీద చూసిన మొహమే. పాపాయి గుప్పిట్లో అన్న చొక్కా అంచు ఉంది. చెల్లెల్ని గీకే ఊపులో ఆయన తన చొక్కాని కూడా గీకేసుకున్నారు.

హారతి కాసేపు ఏడ్చింది. పెన్ను నొక్కుడికి పడ్డ గాట్లు బుగ్గల మీద సన్నగా కనిపిస్తున్నాయి. వాటిని సరిచెయ్యడం ఆమెకు నిమిషాల పని. చెయ్యలేదు. తునిలో టీచరుగా చేసి రిటైరైన అత్తకు ఫోన్ చేసి, తప్పకుండా రమ్మంది.

ఫంక్షన్ రోజు కొత్త పంచెలో వచ్చిన జగన్నాథరావు గారు ద్వారం దగ్గర ఆగిపోయారు.

"తీసెయ్," అన్నారు.

"తియ్యనండి. పెట్టు చూద్దాం అన్నారు, పెట్టాను."

"చుట్టాలంతా చూస్తున్నారు."

"చూడ్డానికేనండి పెట్టింది."

తమ్ముడు సుమంత్ ఫ్రేము మీద చెయ్యి వేయబోతే హారతి అడ్డంగా నిలబడింది. ఈలోగా చుట్టాల్లోంచి ముసలి మహాలక్ష్మమ్మ వచ్చి వంగి చూసి, "పాపాయి కదూ. ఎన్నాళ్లకి కనపడింది," అని అందరికీ వినపడేలా అంది. ఇక దాన్ని తీయడం ఎవరి తరమూ కాలేదు.

అంతలో ఆటో దిగి పాపాయే వచ్చింది. అరవై నాలుగేళ్ల మనిషి. కళ్లజోడు సవరించుకుని ఫొటోని చాలాసేపు చూసింది. బుగ్గ మీది గాటును వేలితో తడిమింది. అన్నగారు నేలచూపులు చూస్తున్నారు. ఇప్పుడు ఏడుస్తుందని చుట్టాలంతా ఎదురుచూశారు.

"బాగా తీశావే," అంది హారతితో. "అవునుగానీ, మీ నాన్న నీ పేర ఎంత రాశాడు?"

హారతి తమ్ముడి వైపు చూసింది. పొలమంతా సుమంత్ చూసుకుంటున్నాడు. ఆ ప్రస్తావన ఇంట్లో ఎప్పుడూ రాలేదు, ఆమె తేలేదు.

"నా మొహం కోసం ఇన్ని తిప్పలు పడ్డావు. నీ వాటా అడగడానికి నోరు రాలేదా?"

హారతికి ముందు అత్త మీద కోపం వచ్చింది. తర్వాత అది తన మీదికే తిరిగింది. ఫొటో దగ్గర్నుంచి రెండడుగులు ముందుకేసింది.

"నాన్నగారూ, నా వాటా ఎంతండి?"

లోపల మేళం మోగుతోంది. ఆయన తలెత్తలేదు. వినపడలేదేమోనని హారతి మళ్లీ అడిగింది, ఈసారి కాస్త గట్టిగా.