పేర్లు రాలిపోయిన కాపీ

...అయినా, జరగని పనిని జరిగిందని చెప్పడం మర్యాద ఎలా అవుతుంది? మదనపల్లెలో తన గది కిటికీ పక్కన కూర్చున్న షాహిదా ఆ ప్రశ్నను నమిలి నమిలి మింగలేకపోతోంది. ఎదుట తెర మీద దేవేంద్ర కుప్పం నుంచి పంపిన మార్పు. ఆమె సరేనంటే మధ్యాహ్నానికి అది మాడ్యూల్‌లో కలిసిపోతుంది.

ఇద్దరూ కలిసి ప్రోగ్రాములు రాసే ఒక స్క్రిప్టింగ్ భాషకు అదనపు భాగంగా ఆ మాడ్యూల్ తయారుచేస్తున్నారు. అది ఫైలు లోపల ఏదీ ముట్టుకోకుండా, దూడ మెడలో బిళ్ల కట్టినట్టు, దానికి బయటి నుంచి నాలుగు మాటలు తగిలిస్తుంది. కొన్ని పెన్‌డ్రైవ్‌లు ఆ బిళ్లల్ని ఉంచుకోలేవు. అలాంటప్పుడు ఫైలును మాత్రం కాపీ చేసి, బిళ్ల పోయిందని చెప్పకుండా ఊరుకోవాలంటాడు దేవేంద్ర.

పుంగనూరులో ఉండే అంబిక కొంప ముంచింది అదే. చౌడేపల్లెలో గంగులప్ప పెంచే పొట్టి ఆవుల్ని ఆమె ఫొటోలు తీసింది. ఏది ఏ ఆవు కడుపున పుట్టిందో ఆయన భార్య అన్నపూర్ణమ్మ చెబుతుంటే ఒక్కో ఫొటోకూ తల్లి పేరు తగిలించింది. ఈ మార్పుతోనే పరీక్షించమని వీళ్లిచ్చిన మాడ్యూల్‌తో అన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించింది. 'పూర్తయింది' అని వచ్చింది. నమ్మి, పాత కంప్యూటర్‌లోవి చెరిపేసింది. ఫొటోలు మిగిలాయి, తల్లుల పేర్లు పోయాయి. మళ్లీ అడుగుదామంటే అన్నపూర్ణమ్మ ఇప్పుడు లేదు.

నిన్న షాహిదా వెళ్లి విషయం చెబితే గంగులప్ప గడ్డి దులుపుతూ నవ్వాడు.

"మీ కంప్యూటరు పేర్లే తినిందా పాపా? దూడల్ని గూడా తినింటే నాకు మేపే పని తప్పిండేది. నాకేం తెలుసు, అదంతా ఆయమ్మ నోట్లోనే ఉన్నింది."

అలా నవ్వడం కన్నా ఆయన తిట్టుంటే బాగుండేది. కోపం దేవేంద్ర మీదేనా? తన మీద కూడా అనుకుంటే ఎంత హాయి! కోపాన్ని సగం పంచి చల్లార్చుకునే ఉపాయమది. ఎన్నాళ్లుగానో అలాగే చల్లార్చుకుంటోంది. ఈసారి పంచదు.

ఫోన్ మోగింది. దేవేంద్ర.

"సూసినావా షాహిదా? ఓకే కొట్టెయ్యమ్మా. రైలెక్కతాండాను."

"అంబికకు పేర్లన్నీ పోయినాయప్పా."

"ఒకామెకు పోయినాయని అందరికీ ఎర్రర్ సూపిస్తే జడుసుకుంటారు. అయినా ఆవుకు వాళ్లమ్మ పేరు యాల? అదేమన్నా స్కూల్లో చేరతాదా?"

"నీకు జ్వరమొస్తే థర్మామీటరు కూడా ఊరుకోవాల్నా?"

"అబ్బ, యాల అట్ల మండిపడతావు? నువ్వు శానా నెమ్మది అనుకుంటిని."

నెమ్మది. పోయినదాన్ని నోరెత్తకుండా పోనివ్వడానికి అతను పెట్టుకున్న పేరు. మాడ్యూల్‌కు నేర్పాలనుకుంటున్నదీ అదే. ఆమె చెవులు వేడెక్కాయి.

"సిగ్నల్ పోతాండాది, కొట్టెయ్..." లైన్ తెగిపోయింది.

కారణం అడిగే గడిలో ఆమె ఒక్క వాక్యం రాసింది: 'పేరు నిలవని చోట కాపీ ఆగాలి, ఎందుకు ఆగిందో చెప్పాలి.' 'తిరస్కరించు' నొక్కింది.