నాలుగంగుళాల ఎత్తు

మా అత్తయ్య షెడ్డులో ఒక పద్ధతి ఉంది. బండికి పని చేసినవాళ్లు, అది మొదటి లోడుతో కొండ దిగేటప్పుడు డ్రైవరు పక్కన కూర్చోవాలి. నా పని మీద నాకు నమ్మకముంటే నా ప్రాణం కూడా అందులోనే ఉండాలి అంటుందావిడ. ఈ ఒక్క విషయంలో ఆవిడంటే నాకు గౌరవం. మిగతా విషయాలు నన్నడక్కండి.

ట్రక్కు నడిపేది నేను. కొండ మీది క్వారీ నుంచి బండపలకలు కిందికి దించుతాను. ఖాళీగా ఎక్కడం, బరువుతో దిగడం, ఇదే నా పని. ఈ మధ్య వానలకి మట్టి కొట్టుకుపోయి దారి మధ్యలో రాతిగట్టు ఒకటి పైకి తేలింది. నాలుగు చక్రాలూ లాగే బండ్లు ఎత్తుగా ఉంటాయి కాబట్టి దర్జాగా దాటేస్తున్నాయి. నాది వెనక చక్రాలు మాత్రమే లాగే బండి, పొట్ట నేలకి దగ్గర. పోయిన వారం ఇంజను కింది ఆయిల్ తొట్టి ఆ రాయికి కొట్టుకుని పగిలింది. దారికి అడ్డంగా నిలబడిపోయాను. ఇంకోసారి ఇలా జరిగితే వేరే బండిని పెట్టుకుంటామని క్వారీ మేస్త్రి మొహం మీదే చెప్పాడు.

కాబట్టి బండి ఎత్తు పెంచాలి. అందులో మాకు తగువు లేదు. ఎంత పెంచాలన్న దగ్గరే వచ్చింది.

రెండంగుళాలు చాలన్నాను నేను. ముందు చక్రాల్ని పట్టి ఉంచే నకిల్స్ తీసేసి ఎత్తు పెంచే రకం బిగిస్తే చక్రాల వాలు చెడదు, స్టీరింగు ఎప్పట్లాగే ఉంటుంది. వెనక ఇరుసుకీ కమాన్ పట్టీలకీ మధ్య చిన్న ఇనుప దిమ్మలు పెడితే సరి. కాస్త ఎడమకి పోనిస్తే రెండంగుళాలతో గట్టు దాటొచ్చని, రాయి పక్కన కర్ర నిలబెట్టి మరీ కొలిచి వచ్చాను.

అత్తయ్య నాలుగంది. ముందు పొడుగు స్ప్రింగులు, వెనక పెద్ద దిమ్మలు. పని చేస్తే మళ్లీ ఆ రాయి పేరు వినపడకూడదట. ఎత్తు పెరిగితే బరువూ పైకి పోతుంది. దిగుడులో నిండు లోడుతో బండి నేను ఆగమన్న చోట ఆగుతుందా? నా భయమంతా అదే. ఆ మాటే అడిగాను.

"నడపడం నీ పని, నడుపు. ఎత్తు సంగతి నాకొదిలెయ్ అమ్మాయ్."

మా ఆయన అదే షెడ్డులో తల్లి కింద పని చేస్తాడు. నా వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు, అప్పటికే శుభ్రంగా ఉన్న పానాని మళ్లీ తుడవడం మొదలుపెట్టాడు. ఇంటికొచ్చాక మాత్రం రెండే మేలని నెమ్మదిగా నా చెవిలో వేశాడు. ఆ ముక్క అక్కడే చెప్పొచ్చుగా అన్నాను. అమ్మకి చెప్పడమా అని నవ్వేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన ముందు కంచం కాస్త గట్టిగానే పెట్టాను.

నాలుగే పెట్టారు. ఒప్పుకోవాలి, అత్తయ్య పనిలో వంక పెట్టడానికి లేదు. ఎత్తుకి తగ్గట్టు బ్రేకు పైపులు పొడుగువి వేయించింది. కొడుకు బిగించిన ప్రతి బోల్టునీ తానే తాకి చూసింది. బండి మాత్రం ఎత్తు మడమల చెప్పులేసుకున్న మనిషిలా నిలబడింది.

మర్నాడు ముగ్గురం ఎక్కాం. కిటికీ పక్కన అత్తయ్య, స్టీరింగు దగ్గర నేను, మధ్యలో అడకత్తెరలో పోకచెక్కలా ఆయన. గట్టు దగ్గర వేగం తగ్గించాను. చప్పుడు లేకుండా దాటింది. అత్తయ్య చిన్నగా దగ్గింది. ఆ దగ్గులో ఎన్ని మాటలున్నాయో కోడళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

పైన పలకలు నింపుకుని తిరుగు దారి పట్టాం. మొదటి మలుపులోనే బండి బయటికి ఒరిగి ఊగింది. పళ్ల బిగువున తిప్పాను. రెండో మలుపుకి ముందు నిటారుగా దిగుడు, దాని మీదంతా గులకరాళ్లు. బ్రేకు తొక్కాను. వేగం తగ్గలేదు. ఇంకా గట్టిగా తొక్కాను. ముందు చక్రాలు బిగుసుకుపోయి రాళ్ల మీద జారడం మొదలెట్టాయి. స్టీరింగు తిప్పితే బండి తిరగడం లేదు. వెనక నుంచి పలకల బరువు తోసుకొస్తోంది. ఎదురుగా మలుపు, మలుపు అవతల ఖాళీ.

"వదులు, కాలు వదులు," అంది అత్తయ్య. వదిలాను. ముందు చక్రాలు దొర్లాయి, స్టీరింగు చేతికొచ్చింది. కొండవైపు తిప్పి హ్యాండ్ బ్రేకు లాగాను. వెనక చక్రాలు ఒక్క ఉదుటున పట్టుకున్నాయి. బండి కీచుమంటూ పోయి, పక్కనున్న మట్టిదిబ్బలోకి ముక్కు దూర్చి ఆగింది.

మా ఆయన దిగి చక్రాల కింద రాళ్లు పెట్టాడు. ఇంత ఎత్తు వద్దని మొత్తుకున్నానా అని నేను అరవబోతుంటే అత్తయ్య చెయ్యెత్తి ఆపింది. ఆవిడ లెక్క ఆవిడది.

"హ్యాండ్ బ్రేకుకి వెనక చక్రాలు పట్టాయి. అంటే బ్రేకులు బాగానే ఉన్నాయి. పెడల్ తొక్కితే వెనక్కి బ్రేకు ఆయిల్ వెళ్లట్లేదు."

ఆయిల్ వెళ్లకపోవడానికి కారణం ఒక సన్నటి కడ్డీ. అది వెనక ఇరుసుకీ పైనున్న బ్రేకు వాల్వుకీ మధ్య ఉంటుంది. లోడుకి బండి కుంగితే కడ్డీ పైకి లేచి వెనక బ్రేకులకి ఆయిల్ ఎక్కువగా పంపుతుంది. ఖాళీగా ఉంటే తగ్గిస్తుంది. కింద నాలుగంగుళాల దిమ్మలు పెట్టేసరికి ఇరుసు వాల్వుకి దూరంగా జరిగి, నిండు లోడుతో ఉన్న బండి కూడా ఆ కడ్డీకి ఖాళీ బండే.

"కానీ ఆ కడ్డీని నేను తీగతో పైకి కట్టేశాను కదా," అంది అత్తయ్య. మా షెడ్డుకొచ్చే ప్రతి పాత బండికీ ఆవిడ చేసే పనే అది. లోడున్నా లేకున్నా బ్రేకు నిండుగా పట్టాలని. అందుకే అన్ని బోల్టులూ తాకి చూసిన మనిషి, ఆ కడ్డీ వైపు మాత్రం చూడలేదు.

మా ఆయన నేల వైపు చూస్తూ నిలబడ్డాడు.

"విప్పేశానమ్మా," అన్నాడు. "వానాకాలంలో. ఖాళీగా ఎక్కేటప్పుడు బ్రేకు వేస్తే వెనక చక్రాలు జారుతున్నాయని తను చెబితే విప్పేశాను."

అప్పుడు గుర్తొచ్చింది. నిజమే, చెప్పాను. ఆ తర్వాత జారడం ఆగిపోయింది. కొత్త టైర్ల మహిమ అనుకున్నాను.

"మంచి పనే చేశావు. నాతో ఎందుకు చెప్పలేదు?" అంది అత్తయ్య.

"నువ్వు కట్టినదాన్ని విప్పానని నీతో చెప్పగలిగినవాళ్లు మనింట్లో ఎవరున్నారమ్మా?"

ఆవిడ మాటకి మాట చెప్పకుండా ఊరుకోవడం పెళ్లయ్యాక నేను చూడటం అదే మొదలు. జాలేసింది. కోపం కూడా పోలేదు. మేం ముగ్గురం చావవలసినవాళ్లం, ఒక తీగముక్క గురించి నోరు విప్పలేక.

కొంచెంసేపటికి ఆవిడ సంచిలోంచి తీగా పట్టకారూ తీసి కొడుకు చేతికిచ్చింది. ఆయన బండి కిందికి దూరి కడ్డీని పైకెత్తి కట్టాడు. బయటికొచ్చి, అలవాటుగా, తల్లి కూడా దూరి చూస్తుందని పక్కకి తప్పుకున్నాడు. ఆవిడ చూడలేదు. వెళ్లి బండెక్కి, ఈసారి మధ్యలో, నా పక్కన కూర్చుంది.

బండిని దిబ్బలోంచి వెనక్కి లాగి, నత్తనడకన పోనిచ్చాను. మలుపు ముందు బ్రేకు తొక్కాను. నాలుగు చక్రాలూ పట్టాయి.

"ఎలా ఉందమ్మాయ్?" అని అడిగింది అత్తయ్య.

"ఆగుతోంది. కానీ మలుపుల్లో ఊగుతోంది అత్తయ్యా. నా చేతికి రావట్లేదు."

సమాధానం చెబుతుందేమోనని చూశాను. ఆవిడ ఇంకో మలుపు దాటేదాకా దారివైపూ నా చేతులవైపూ మార్చి మార్చి చూసింది.

"అయితే ఎంతకి దించుదాం?"

ఆ మాట అడగడానికి మనం కొండ అంచుదాకా జారాల్సొచ్చిందా అనాలనిపించింది. అనలేదు.

"మీ అబ్బాయిని కూడా అడగండి," అన్నాను.

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. ఒళ్లో ఉన్న పట్టకారుని తుడవబోయి ఆగాడు.

"రెండమ్మా," అన్నాడు, తల్లి మొహంలోకి చూస్తూ. "మొదట్నుంచీ రెండే."