రెండు చేతులూ బటన్ల మీద

బాల్కనీలో తీగ మీద మాస్కులు ఆరేస్తున్నాను. యసుహిరోవి తెల్లవి. నావి లేత నీలం, అంచున నేను పనిచేసే వినోదాల పార్కు గుర్తు కుట్టి ఉంటుంది. మాస్కు పెట్టుకోమన్నది పార్కు, ఉతికి ఇస్త్రీ చెయ్యాల్సింది మేము. పెళ్ళయ్యాక ఆయనవి కూడా ఎప్పుడు నా బకెట్లోకి వచ్చి చేరాయో నాకే తెలియదు. సముద్రం మీది గాలికి అన్నీ ఊపిరి పీలుస్తున్నట్టు ఉబ్బుతూ తగ్గుతూ ఉంటే నాకు ఊరికే నవ్వొచ్చింది. ఈ మధ్య నాకు దేన్ని చూసినా నవ్వే. అన్నం ఉడికాక కుక్కర్ పాడే పాట విన్నా, ఆయన సాక్సుల్లో ఎప్పుడూ ఒకటే దొరికినా. కొత్త కాపురం అంటే ఇదేనేమో.

"వచ్చే వారం నుంచి ఇవన్నీ ఎవరిష్టం వాళ్ళవట కదా," అన్నాడు యసుహిరో పళ్ళు తోముకుంటూ. నోట్లో నురుగుతోనే, "నువ్వు మాత్రం ఇంకొన్నాళ్ళు పెట్టుకుంటావేమో. అమ్మ అడిగింది," అన్నాడు.

అమ్మ ఎందుకు అడిగిందో నాకు తెలుసు. అత్తయ్య నన్ను మొదటిసారి చూసింది మాస్కులోనే. రెండోసారి ఉడోన్ నూడుల్స్ కొట్లో, గిన్నెలు వచ్చాక మాస్కు తీశాను. నా పైవరసలో ఎడమవైపు పన్ను మీద పన్ను ఉంది. "మాస్కులో బొమ్మలా ఉన్నావే అనుకున్నాను," అంది ఆవిడ. తర్వాత ప్రేమగానే, "నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకో తల్లీ. ఆడపిల్ల పళ్ళు బయటపడితే ఏం బాగుంటుంది?" అంది. అది నాకు కొత్త మాట కాదు. మా అమ్మ అన్నదే, మా అమ్మమ్మ అన్నదే. నవ్వు గొంతులో పుట్టక ముందే నా కుడి చెయ్యి పైకి లేచేది. ఆ చేతికి సెలవు దొరికింది కరోనాతో మాస్కులొచ్చాకే. ఆ గుడ్డ వెనకాల మూడేళ్ళు ఎంత నోరు తెరిచి నవ్వానో ఎవరికీ తెలియదు. లోకమంతా మాస్కును తిట్టుకుంటుంటే నేను అందులో కిటికీలు మూసుకుని గెంతులేసే పిల్లలా బతికాను. నా నవ్వు ఎంత పెద్దదో నాకు తెలిసింది అప్పుడే. ఇప్పుడు కిటికీలు తెరుస్తారట. మళ్ళీ చెయ్యి లేపాలా?

"నీకెలా ఉంది నా పన్ను?" అని యసుహిరోను అడిగాను.

"నాకిష్టం. కానీ అమ్మ ముందు కాస్త..." అని పుక్కిలించి ఉమ్మాడు. మంచివాడే. ఆ 'కానీ' ఒక్కటీ లేకపోతే ఇంకా మంచివాడు. రోజూ లాగే గుమ్మం దగ్గర "వెళ్ళి రా" అని సాగనంపి, గిన్నెలు కడిగి, నేనూ బయలుదేరాను. చివర వెళ్ళేదాన్ని కాబట్టి నాకు ఆ మాట చెప్పేవాళ్ళు ఉండరు.

నా పని కొండమీది రోలర్ కోస్టర్ దగ్గర. కూర్చున్నవాళ్ళ ఒడి మీద కడ్డీ బిగిసిందో లేదో లాగి చూసి, నా చోటికి వచ్చి, రెండు చేతులతో రెండు బటన్లు ఒకేసారి నొక్కి పట్టుకోవాలి. ఒక్క చెయ్యి లేచినా బండి కదలదు. మెకానికల్ ఇంజనీరింగు చదివింది ఇందుకా అంటుంది అత్తయ్య. కానీ ఆ బండి మొదటి మలుపు తిరిగినప్పుడల్లా నేనూ దానితో పాటే పక్కకు వంగుతాను. మాస్కుల రోజుల్లో అక్కడ 'కేకలు మనసులోనే వేసుకోండి' అని బోర్డు ఉండేది. అంతకుముందు మేమే నోటితో చెప్పే మాటలూ ఆపేశారు. బండి కదిలేముందు "వెళ్ళి రండి" అని ఎవరో అమ్మాయి రికార్డు గొంతు పలికేది, అచ్చం ముత్యాల్లాంటి పలువరస ఉన్నదానిలా.

ఆ రోజు మేనేజరు కురెబయాషి గారు మీటింగు పెట్టారు. సిబ్బంది మాస్కు తీస్తే ఇక రామని ఒకరు, తియ్యకపోతే డబ్బు వాపసివ్వమని ఇంకొకరు ఫోన్లు చేస్తున్నారట. "ఎవరిష్టం వారిది," అన్నారాయన. "అయితే తీసే మహిళా సిబ్బంది లిప్‌స్టిక్ వేసుకోవాలి. శనివారం సెలవు రోజున చిరునవ్వు తరగతి ఉంది, రండి." తర్వాత నన్ను పక్కకు పిలిచారు. "ఒకాజిమా గారూ." పెళ్ళితో వచ్చిన ఆ ఇంటిపేరు పిలిస్తే నేనింకా ఎవరినో అని వెనక్కి తిరిగి చూస్తాను. "మాస్కు ఉంటేనే మీకు సుఖమేమో. తియ్యాలనుకుంటే మాత్రం ముందు తరగతికి రండి. లేదంటే స్టోరు గదిలో పని ఉంది."

పక్కనే, నాతోపాటు కోస్టర్ దగ్గర పనిచేసే ఇసోబె నిలబడ్డాడు. బేస్‌బాల్ తగిలి పోయిన ముందుపన్ను ఇంకా కట్టించుకోలేదు. అతనితో ఎవరూ ఏమీ అనలేదు.

అలవాటు కొద్దీ "సరేనండి" అనేశాను. ఆ మాట బస్సులో ఇంటిదాకా నా నాలుక మీదే ఉంది. శనివారం తరగతికి వెళ్ళలేదు. బట్టలుతుక్కుని, పక్కింటి పిల్లి ఆవలింతలు చూస్తూ కూర్చున్నాను. ఎంత నోరో దానికి. చెయ్యి అడ్డం పెట్టుకోదు.

ఆదివారం ఉదయం మాస్కు మడిచి జేబులో పెట్టుకుని కోస్టర్ దగ్గరికి వెళ్ళాను. పెదాలకు రంగు వెయ్యలేదు. గాలి చిగుళ్ళకు చల్లగా తగిలింది.

కురెబయాషి గారు వచ్చి, "నిన్న తరగతికి రాలేదే?" అన్నారు.

"ఇసోబె గారు వస్తే నేనూ వస్తానండి."

"నాకెందుకు తరగతి?" అన్నాడు ఇసోబె, ముందుపళ్ళ సందు చూపిస్తూ. వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

"రేపు మాట్లాడదాం," అన్నారాయన సముద్రం వైపు చూస్తూ.

"రేపూ ఇక్కడే ఉంటానండి," అన్నాను. అని, తర్వాతి కడ్డీ లాగి చూశాను.

మధ్యాహ్నం వరసలో యసుహిరో, పక్కన మాస్కుతో అత్తయ్య. నన్ను చూడగానే ఆవిడ చెయ్యి తన నోటి దగ్గరికి లేచింది, మూసుకో అన్నట్టు. నేను వెళ్ళి కడ్డీ బిగించాను. "రెండు చేతులతో పట్టుకోండి అత్తయ్యా. వదలకూడదు."

"మరి మాస్కు?"

"మీ ఇష్టం. గాలికి ఎగిరిపోవచ్చు."

ఆవిడ కొడుకు వైపు చూసింది, నా వైపు చూసింది. మాస్కు తీసి కోటు జేబులో కుక్కుకుంది.

బండి పైనుంచి పడగానే అందరినీ మించిన కేక ఒకటి వినిపించింది. ఎవరిదో పోల్చుకోలేకపోయాను. తిరిగి వచ్చేసరికి యసుహిరో సున్నం కొట్టిన గోడలా ఉన్నాడు. అత్తయ్య జుట్టు నిక్కబొడుచుకుంది, నోరు బార్లా తెరుచుకుంది, లోపలి వెండి పన్ను ఎండకు మెరుస్తోంది. ఆగకుండా నవ్వుతోంది. చేతులు కడ్డీని వదల్లేదు.

"అమ్మా, దిగుదాం," అన్నాడు యసుహిరో.

"నువ్వు దిగరా. మినోరీ, నేను మళ్ళీ ఎక్కొచ్చా?"

బండిలో వెనక సీట్లు ఖాళీగానే ఉన్నాయి. కురెబయాషి గారు మెట్ల దగ్గర నిలబడి నన్నే చూస్తున్నారు. నేను రికార్డు గొంతు ఆపేశాను. కడ్డీ లాగి చూసి, నా చోటికి వచ్చి, రెండు చేతులూ బటన్ల మీద పెట్టాను. పన్ను మీద పన్నుతో సహా నోరు తెరిచి, నోరారా అన్నాను.

"వెళ్ళి రండి."