రెండో అంతస్తు పటంలో కరెంటన్న

పొద్దున్నే ఫ్యాక్టరీకి రాగానే ఆవిడ చేసే మొదటి పని మెత్తని గుడ్డతో పటాల మీది అద్దాలు తుడవడం. రెడీమేడ్ బట్టలు కుట్టే ఫ్యాక్టరీ అది. ప్రతి అంతస్తులోనూ ముందు మెట్ల పక్కన గోడకి ఒక పటం ఉంటుంది. మంటలొస్తే ఎటు పరిగెత్తాలో ఆకుపచ్చ బాణాలు, నిప్పార్పే సిలిండర్లు ఎక్కడున్నాయో గుర్తులు, చూసేవాళ్ళు నిలబడ్డ చోట ఒక ఎర్ర చుక్క, దాని పక్కనే 'మీరు ఇక్కడ ఉన్నారు' అన్న మాట. ఈ ఫ్యాక్టరీలో కుట్టేవాళ్ళని 'మీరు' అని పిలిచేది ఆ పటం ఒక్కటేనని ఆవిడ చెల్లెలు నవ్వుతుండేది. చెల్లెలిది రెండో అంతస్తులో కుట్టుపని.

మెషిన్లు అటూ ఇటూ జరిపినా, కొత్త బీరువా అడ్డం పెట్టినా పటం మార్చాలి, ఆ పని ఆవిడదే. మళ్ళీ గీసి, ప్రింటు తీసి, కింద తేదీ వేసి, పాతది విప్పి కొత్తది బిగించాలి. బల్ల జానెడు జరిగినా ఆవిడ టేపు పట్టుకుని పరిగెత్తుకొస్తుందని సూపర్‌వైజర్లు విసుక్కునేవాళ్ళు. మిగతావాళ్ళు ముద్దుగా మ్యాపక్క అనేవాళ్ళు.

రెండో అంతస్తు పటంలో ఎవరూ ప్రింటు చెయ్యని నీలం చుక్క ఒకటి ఉండేది. అది మ్యాపక్క భర్త. ఫ్యాక్టరీలో కరెంటు పని చూసేవాడు. రెండేళ్ళ కిందట పొగలో చిక్కుకుని వెనక మెట్ల మీద పోయాడు. ఆ తరవాత ఆవిడ మళ్ళీ పనిలోకొచ్చి అద్దం తుడుస్తుంటే చుక్క కనిపించింది. అప్పట్నించీ అంతస్తంతా తిరుగుతూనే ఉంది. "కరెంటన్న ఇవాళ కటింగు బల్లల దగ్గరున్నాడు," అనుకుంటూ ఎవరి మెషిన్ దగ్గరికి వాళ్ళు పోయేవాళ్ళు. ఫ్యూజు పోతే కొత్త ఎలక్ట్రీషియన్ ముందు పటం చూసి, చుక్క ఎక్కడుంటే అక్కడి బోర్డు విప్పేవాడు.

భోజనాల బెల్లు కొట్టగానే నీలం చుక్క వచ్చి ఎర్ర చుక్కని ఆనుకుని ఆగేది. మ్యాపక్క క్యారేజీ చేత్తో పట్టుకుని అక్కడే నిలబడి తినేది. బతికున్నన్నాళ్ళూ పక్కన కూర్చుని నాలుగు ముద్దలు తినడానికి తీరిక దొరకని మనిషి, పోయాక ఒక్క పూట కూడా వేళ తప్పలేదు.

ఇలా ఉండగా గుడ్డ బేళ్ళు పెట్టడానికి చోటు చాలడం లేదని మేనేజరు ఆ అంతస్తులో వెనక మెట్లకి అడ్డంగా గోడ కట్టించాడు. గోడవతల మెట్ల మీద బేళ్ళు పేర్చి, కింది తలుపుకి తాళం వేయించాడు. మర్నాడు మ్యాపక్క పటం మార్చబోతే పిలిపించాడు.

"పటం జోలికి పోకమ్మా. రెండు దార్లుండాలని రూలు. ఒకటే చూపిస్తే ఇన్‌స్పెక్టరు అంతస్తు మూయిస్తాడు."

"గోడ ఉంది కదండీ?"

"గోడ గోడలా ఉంటుంది, పటం పటంలా ఉంటుంది. మధ్యలో నీకేం పోయింది?"

ఆవిడకి పోయేదేమిటో ఆవిడకే తెలుసు. గోడ లేచేవేళకి నీలం చుక్క వెనక మెట్ల మీదే ఉంది. దారి కాని చోటు పటంలో కనిపించకూడదు, జనం కళ్ళు అటు పోతాయి. గోడ గీస్తే ఆ మెట్లు నల్లగా నింపెయ్యాలి. ఆయన ఇంక కనిపించడు. అందుకే "సరేనండీ" అంది. బల్ల జరిపితే పోట్లాడే మనిషి ఇంత తేలిగ్గా ఒప్పుకున్నందుకు మేనేజరే నోరెళ్ళబెట్టాడు.

కానీ చుక్క ఇవతలికి రాలేదు. పటంలో దారి బార్లా తెరిచే ఉంది. అయినా గోడ ఉన్నచోట ఆగి, దాన్ని రాసుకుంటూ అటూ ఇటూ తిరిగేది. భోజనాల వేళ మ్యాపక్కకి ముద్ద దిగేది కాదు. "రండి, దారి ఉంచాను కదా," అని అద్దం మీద వేలితో కొట్టి పిలిచేది.

ఒకరోజు చెల్లెలు వచ్చి పక్కన నిలబడింది.

"బావ అలిగాడా ఏంటక్కా?"

"ఏమో."

"నిన్న మా వరసలో ఎవరో మంటలంటూ అరిచారు. ఉత్తిదేలే. కానీ అందరం బాణం గుర్తుకొచ్చి వెనక మెట్లకి పరిగెత్తాం. పోయి గోడకి గుద్దుకున్నాం." నుదుటి మీద జుట్టు తీసింది. బొప్పి కట్టి ఉంది. "ఆ గోడ రోజూ చూస్తున్నదే. అయినా కాళ్ళు పటం మాటే విన్నాయి. నువ్వు గీసింది కదా మరి."

మ్యాపక్క క్యారేజీ కింద పెట్టి ఫ్రేము విప్పింది. ప్రింటు తీసేదాకా కూడా ఆగలేదు, నల్ల మార్కరు మూత తీసింది.

"అక్కా, బావ అవతలే ఉన్నాడే!"

"తెలుసు."

"ఇవతలికి వచ్చేదాకా ఆగు."

"రాగలిగితే ఈపాటికి వచ్చేవాడు," అంది మ్యాపక్క. స్కేలు లేకుండా గీసిన గోడ గీత వంకరగా వచ్చింది. బాణం కొట్టేసింది. గీతకి అవతల నింపుతూ పోతుంటే చుక్క పక్కకి తప్పుకోలేదు. చివరికి దాని మీదా సిరా పడింది. ఫ్రేము మళ్ళీ గోడకి బిగించింది.

ఇన్‌స్పెక్టరు వచ్చి, ఆ వంకర గీత చూసి, వెళ్ళి గోడ తట్టి చూసి, గోడ కొట్టేదాకా అంతస్తు మూయించాడు. అక్కడివాళ్ళని కింద ప్యాకింగులో సర్దారు. కూల్చేవాళ్ళు రేపొస్తారు, ఎల్లుండొస్తారు అంటూ మేనేజరు నాన్చాడు.

అలా నానుస్తుండగానే ఒక మధ్యాహ్నం రెండో అంతస్తులో, ముందు మెట్ల పక్కనున్న స్విచ్చు బోర్డు అంటుకుంది. చూస్తుండగానే ఆ మెట్లు పొగతో నిండిపోయాయి. కింద పనిలో ఉన్నవాళ్ళంతా క్షేమంగా గేటు ముందు చేరారు. తన మెషిన్ దగ్గరి కిటికీ ఎర్రబడటం చూసి చెల్లెలు అక్క చెయ్యి పట్టుకుంది. ఆ వరసలో వాళ్ళంతా ఆ కిటికీనే చూస్తున్నారు.

ఫైరింజను దిగిన ఆఫీసరు అడిగాడు. "లోపలెవరన్నా ఉన్నారా?"

రెండేళ్ళ కిందట ఇదే గేటు దగ్గర ఇదే మాట అడిగితే మేనేజరు ఎవరూ లేరన్నాడు. ఇప్పుడూ అనబోయాడు.

"ఉన్నారండీ," అంది మ్యాపక్క. "ఒక్కరు. రెండో అంతస్తు, వెనక మెట్లు. గోడకి అవతల."

"మా బావండీ," అంది చెల్లెలు.

ఆఫీసరు వెంటనే తన మనుషుల్ని ఫ్యాక్టరీ వెనక వైపుకి పరిగెత్తించాడు. వెనకాలే జనమూ వెళ్ళారు. సుత్తి దెబ్బలకి తాళం ఊడి తలుపు తెరుచుకుంది. గోడ సందుల్లోంచి చేరిన పొగ బుస్సుమని బయటికొచ్చింది. అందరూ ఒక్క మనిషి నడిచేంత సందు వదిలి రెండు పక్కలకీ తప్పుకున్నారు. కాసేపటికి కటింగు చేసే పెద్దాయన తలమీది గుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు.

ఆఫీసరు బేళ్ళు తోసుకుంటూ పైదాకా వెళ్ళి చూసి, మసి ముఖంతో దిగొచ్చాడు.

"ఇప్పుడు లోపల ఎవరూ లేరమ్మా," అన్నాడు.

మ్యాపక్క అక్కడే నేల మీద కూలబడి, రెండేళ్ళుగా ఏడవని ఏడుపంతా ఏడ్చింది.