లోపలికి వాయించే సన్నాయి

చంద్రమౌళి నోటితో గాలి పీల్చి నలభై ఏళ్లయింది. గొప్ప కోసం చెప్పే మాట కాదు, సన్నాయి వాయించేవాళ్ల పద్ధతే అది. నోరున్నది ఊదడానికి, ముక్కున్నది పీల్చడానికి. బుగ్గలు మధ్యలో గోదాము. ముక్కుతో కొత్త గాలి అందుకునే ఆ రెప్పపాటులో బుగ్గల్లో దాచిన గాలి సన్నాయిలోకి పోతుంది, పాట తెగకుండా సాగుతుంది. చిన్నప్పుడు పొరపాటున నోరు తెరిచి పీలిస్తే, పక్కన కూర్చున్న తండ్రి అతని పెదాల మీద వేలితో టప్పుమని కొట్టేవాడు. అలా దెబ్బలు తిని నేర్చుకున్న విద్య. అనకాపల్లి చుట్టుపక్కల ఏ పెళ్లిలోనైనా తాళి కట్టేవేళ గట్టిమేళం మోగాలంటే చంద్రమౌళి ఉండాల్సిందే.

అలాంటి మనిషికి ఈ చలికాలం నుంచి ఊపిరి చాలడం లేదు. రెండు మెట్లెక్కితే ఆయాసం. తెల్లవారుజామున దగ్గు. మొన్న రావికమతం పెళ్లిలో రెండో ముడి పడుతుండగా సన్నాయి ఠక్కున ఆగిపోయింది. పెళ్లివారి ముసలివాళ్లు అపశకునమంటూ మొహాలు చూసుకున్నారు.

డోలు కొట్టే త్రినాథ్ చంద్రమౌళికి స్వయానా బావమరిది. వాడి నోటికి తాళం లేదు.

“ఏటి బావా, మూడు ముళ్లకి ఒకటిన్నర ముడి దాకే వత్తన్నావు. మిగతాదానికి పెళ్లికొడుకు ఈల ఏసుకోవాలేటి?”

స్టేషన్ దగ్గరి డాక్టరు వీపు మీద గొట్టం పెట్టి విని, పిల్లికూతలు వినిపిస్తున్నాయన్నాడు. కాగితం మీద బొమ్మ కూడా గీసి చూపించాడు. గొంతు కింద ఒక పెద్ద గొట్టం, అది రెండుగా చీలి, అవి మళ్లీ మళ్లీ చీలి, చిట్టచివర ద్రాక్షగుత్తుల్లాంటి బుల్లి బుల్లి సంచులు. గాలిలోని ఆక్సిజన్ రక్తంలో కలిసేది ఆ సంచుల్లోనే. “సంచులు బాగానే ఉన్నాయి. దారులే లోపల వాచి బిగుసుకున్నాయి. లోపలికి పోయిన గాలి బయటికి రావడానికి కష్టపడుతోంది, ఆ కూత అందుకే” అన్నాడు.

“బీడీ, చుట్ట అలవాటుందా?”

“లేదండి బాబూ.”

“ఇంట్లో ఎవరికైనా?”

“అమ్మో, మా ఆవిడ ఒప్పుకోదండి.”

అడిగింది ఇంటి గురించి కాబట్టి, మేళం వ్యాను గురించి చంద్రమౌళి చెప్పలేదు.

డాక్టరు రెండు ఇన్‌హేలర్లు రాశాడు. ఒకటి పొద్దున్నా సాయంత్రం రోజూ పీల్చాల్సింది, ఇంకొకటి ఆయాసం వచ్చినప్పుడు వాడేది. చంద్రమౌళి మూడు వారాలు గడియారం చూసుకుని మరీ వాడాడు. పిల్లి కూత ఆపలేదు సరికదా, నాలుక మీద తెల్లటి మచ్చలు లేచాయి. వీధిలో కనిపించినవాళ్లందరికీ ఆ మందు దండగ అని చెప్పాడు.

అప్పుడు త్రినాథ్ అసలు మాట బయటపెట్టాడు.

“బావా, నెలాఖరున ఎలమంచిలిలో పెద్ద పెళ్లి. అక్కడ కూడా ఆగిపోతే మన మేళం మొహం ఎవడూ సూడడు. ఈలోగా నీకు తగ్గకపోతే మాడుగుల నుంచి సన్నాయికి నితీష్‌ని పిలుత్తాను. నువ్వు కూకుని శ్రుతిపెట్టె నొక్కుదువు గాని.”

శ్రుతిపెట్టె! మీట నొక్కితే చాలు, దానంతట అదే మోగే పెట్టె. ఆ మాట చంద్రమౌళికి ఆయాసం కన్నా గట్టిగా తగిలింది. మర్నాడే ఇన్‌హేలర్లు రెండూ మౌలాలి గారి మందుల షాపు బల్ల మీద పెట్టాడు. త్రినాథ్ తమాషా చూడటానికి వెంట వచ్చాడు.

“ఇవి పని సెయ్యట్లేదమ్మా. వెనక్కి తీసేసుకోండి.”

మౌలాలి కూతురు అర్ఫా ఫార్మసీ చదివింది. అతని నాలుక చూసి ఒక్క క్షణం ఆలోచించింది. “అంకుల్, ఎలా వాడుతున్నారో ఒకసారి నా ముందు చూపించండి.”

చంద్రమౌళి స్టూలు మీద వేదిక మీద కూర్చున్నట్టు నిటారుగా కూర్చున్నాడు. డబ్బా కుదిపాడు, నోట్లో పెట్టి నొక్కాడు. బుగ్గలు పూరీల్లా పొంగాయి. ముక్కు బుస్సుమని పీల్చింది. కళ్లు మూసుకుని పది లెక్కపెట్టాడు.

“ఇప్పుడు మీ పేరు చెప్పండి” అంది అర్ఫా.

“చంద్రమౌళి” అన్నాడు. అక్షరానికో తెల్లటి ఆవిరి మేఘం నోట్లోంచి బయటికొచ్చింది.

త్రినాథ్ గోడ పట్టుకుని నవ్వాడు. “బావా! ఇడ్లీ కుక్కరైపోనావు!”

“మందంతా బుగ్గల్లోనే ఉండిపోయింది అంకుల్” అంది అర్ఫా నవ్వు ఆపుకుంటూ. “ఊపిరితిత్తుల దాకా ఎక్కడ వెళ్లింది? మందు నిలవుంటే నోరు ఇలాగే పూస్తుంది. పుక్కిలించి ఉమ్మట్లేదా?”

“అంత మందు ఉమ్మేత్తామా? ముక్కుతో గట్టిగానే పీల్సేను కదమ్మా!”

“ముక్కుతో వెళ్లింది మామూలు గాలి. మందు నోట్లో ఉంది కాబట్టి నోటితోనే పీల్చాలి. ఆ మచ్చలు డాక్టరుకి చూపించండి. వాడే తీరు కూడా చెప్పండి.” అంతలో ఆమె ముక్కు చిట్లించింది. “ఇక్కడ బీడీ ఎవరు కాల్చారు?”

త్రినాథ్ నవ్వు మింగేసి మెట్టు దిగాడు. “మేళం వ్యానులో రోజూ ఇదే వాసనమ్మా” అన్నాడు చంద్రమౌళి.

“కిటికీలేసిన వ్యానులో ఊరూరికీ ఆ పొగే పీలుస్తున్నారా అంకుల్? పక్కవాళ్లు వదిలిన పొగైనా ఆ దారులు వాచిపోతాయి.”

డాక్టరు మచ్చలకి మందిచ్చి, ఇన్‌హేలరుకి తగిలించే ప్లాస్టిక్ గొట్టం ఒకటి రాశాడు. మందు ఆ గొట్టంలో నిలబడుతుంది, నోటితో నెమ్మదిగా పీల్చుకోవచ్చు. అదీ కష్టమే అయింది. గొట్టం పెదాలకి తగలగానే నలభై ఏళ్ల అలవాటు లేచి ఊదేది. లేదంటే ముక్కు పీల్చేది. చివరికి అర్ఫా ఒక ఉపాయం చెప్పింది, ఇంట్లో ఎవరైనా ముక్కు మూసి పట్టుకోవాలని.

ఆ పని భార్య పైడితల్లి సంతోషంగా తీసుకుంది. రోజూ పొద్దున్నే వీధి అరుగు మీద కూర్చోబెట్టి, రెండు వేళ్లతో ముక్కు బిగించి పట్టేది.

“పీల్సు... నెమ్మదిగా... ఊదకు, ఊదకు! ఓలమ్మా, మళ్లీ ఊదేసేడు. మందంతా నా మొహానికి కొట్టేడు. నాకు లేని ఆయాసం తగ్గిపోనాది!”

“నువ్వు నవ్వించకే పైడీ.”

“నోరు ముయ్యి. కాదు, తెరువు. పీల్సు.”

పాలవాడు ఆగి చూసేవాడు. ఎదురింటివాళ్లు పిల్లల్ని ఎత్తుకుని వచ్చి చూపించేవారు. చంద్రమౌళి చెవులు ఎర్రబడేవి. అయినా శ్రుతిపెట్టె గుర్తొచ్చి మళ్లీ గొట్టం అందుకునేవాడు. ఐదో రోజుకి నోరు పీల్చడం నేర్చుకుంది. పుక్కిలించి ఉమ్మడం కూడా అలవాటైంది. బీడీ వెలిగిస్తే వ్యాను దిగి నడవాలని త్రినాథ్‌కి పైడితల్లి తేల్చి చెప్పింది. వాడు రెండుసార్లు నడిచాడు, మూడోసారి మానుకున్నాడు. మూడో వారానికి రాత్రి దగ్గు తగ్గింది. మాడుగులకి ఫోను వెళ్లలేదు.

ఎలమంచిలి పెళ్లిలో ముహూర్తానికి పావుగంట ముందు, డాక్టరు చెప్పినట్టే, చంద్రమౌళి షామియానా వెనక్కి వెళ్లి గొట్టంతో ఆయాసం మందు పీల్చాడు. పైడితల్లి ముక్కు పట్టుకుంది. పెళ్లివారి ముసలమ్మ మరిడమ్మ తొంగి చూసింది.

“ఇదేటి సన్నాయమ్మా, సప్పుడు రాదేటి?”

“ఇది లోపలికి వాయించేది పిన్నీ. బయటికి వాయించేది ఇప్పుడు మొదలెడతాడు.”

పురోహితుడు చెయ్యెత్తాడు. గట్టిమేళం లేచింది. పెళ్లికొడుకు కన్నబాబు తాళి అందుకున్నాడు. ఒక ముడి పడింది. రెండో ముడి పడింది. మూడోదానికి తాళి దారం జడలోని పూలకి చిక్కుకుంది. ఆడపడుచు లాగుతోంది, రావడం లేదు. త్రినాథ్ డోలు మీంచి తలెత్తి బావ వైపు చూశాడు. చంద్రమౌళి ముక్కు చల్లగా గాలి తీసుకుంది. ఆ గాలి ఏ గొట్టంలోనూ తట్టుకోకుండా చిట్టచివరి కొమ్మల దాకా దిగినట్టు అతనికే తెలిసింది. పిల్లి కూయలేదు. పాట తెగలేదు. చిక్కు విడి మూడో ముడి పడేదాకా సన్నాయి ఒకే ఊపున సాగింది.

మేళం ఆగాక త్రినాథ్ చేతులు విదిలించుకుని కాసేపు దగ్గాడు. “బావా, నీ గాలి అయిపోలేదు గానీ నా సేతులైపోనాయి.”

“ఆ దగ్గు మాటేటి? డాక్టరుకి నువ్వూ ఓపాలి సూపించుకో. ముక్కు మీ అక్క పట్టుకుంటాది.”

అవతల ఆడవాళ్ల వరసలో అందరూ అక్షింతలు చల్లేశారు. పైడితల్లి అక్షింతలు మాత్రం ఇంకా ఎడమచేతి గుప్పిట్లోనే ఉన్నాయి. కుడిచేతి రెండు వేళ్లతో ఆవిడ తన ముక్కునే బిగించి పట్టుకుని ఉంది.

“మూడు ముళ్లూ పడిపోనాయి తల్లీ” అంది పక్కనున్న మరిడమ్మ. “ఇక ఆ ముక్కొదిలెయ్.”